ఇంటి వడ్రంగి గదిలో కరెంటు పనిముట్లు, గాయాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో ఒక గదిలోనో వసారాలోనో పనిబల్ల వేసుకుని చెక్క పని చేసుకునేవారి కోసం ఈ ప్రశ్నలూ జవాబులూ. కర్మాగారంలో పనిచేసే వడ్రంగికి పైన చూసేవారు ఉంటారు, పక్కన తోటి పనివారు ఉంటారు, తప్పనిసరిగా పాటించవలసిన నిబంధనలు ఉంటాయి. ఇంట్లో ఒంటరిగా పనిచేసేవారికి అవేవీ ఉండవు కనుక, స్విచ్ నొక్కకముందు చేసుకున్న ఏర్పాట్లే వారిని కాపాడాలి.

చెక్క పనిలో ఎక్కువ గాయాలకు కారణమయ్యే యంత్రం ఏది?

టేబుల్ సా, అంటే గుండ్రని బ్లేడు బల్ల మధ్య సందులోంచి పైకి వచ్చి తిరిగే రంపం. అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంఘం అంచనా ప్రకారం 2015లో ఆ ఒక్క దేశంలోనే టేబుల్ సా బ్లేడు తగిలి ఆసుపత్రి అత్యవసర విభాగాల్లో చికిత్స పొందిన గాయాలు సుమారు 30 వేలు; వాటిలో కొన్ని వేల గాయాల్లో వేలో, వేలి కొసో తెగిపోయింది. మిగతా యంత్రాలు సాధువులని దీనర్థం కాదు. టేబుల్ సాలో బ్లేడు ఉన్నచోటనే తిరుగుతుంది, చెక్కను మనమే చేత్తో దాని మీదికి తోయాలి. అంటే ప్రతి కోతలోనూ చెయ్యి బ్లేడు వైపే ప్రయాణిస్తుంది. చెక్క ఉన్నట్టుండి జారినా, చీలినా, ముందున్న అడ్డు తొలగినా, తోస్తున్న బలం ఒక్కసారిగా ఆగదు కనుక చెయ్యి అదే ఊపులో ముందుకు పోతుంది.

నేను చాలా జాగ్రత్తగానే పనిచేస్తాను. అది సరిపోదా?

సరిపోదు. 10 అంగుళాల బ్లేడు నిమిషానికి 4000 చుట్లు తిరిగితే దాని పళ్లు సెకనుకు సుమారు 53 మీటర్లు, అంటే గంటకు దాదాపు 190 కిలోమీటర్ల వేగంతో కదులుతాయి. అనుకోనిది కంటపడి, చెయ్యి వెనక్కి తీసుకోవాలని మెదడుకు తట్టి, కండరం కదిలేసరికి ఒక సెకనులో సుమారు అయిదో వంతు గడుస్తుంది. 40 పళ్ల బ్లేడయితే అంతలోపల అయిదు వందలకు పైగా పళ్లు ఆ చోటి మీదుగా వెళ్లిపోతాయి. ఎంత చురుకైన మనిషయినా ఈ లెక్కను దాటలేడు.

కనుక శ్రద్ధంతా యంత్రం తిరగకముందే పెట్టాలి. కోత ముగిసేసరికి రెండు చేతులూ ఎక్కడ ఉంటాయి, తెగిన ముక్క ఎటు పడుతుంది, చెక్క జారితే చెయ్యి ఎటు పోతుంది అనే మూడు సంగతులు ముందుగా తేలాలి. బ్లేడును బల్ల కిందికి దించి, ప్లగ్ తీసేసి, చెక్కను మొదటినుంచి చివరిదాకా ఉత్తినే ఒకసారి తోసి చూస్తే ఈ మూడూ తెలిసిపోతాయి. చేతులు ఎక్కడో ఒకచోట ఇరుకున పడుతున్నట్టు అనిపిస్తే ఆ కోతను వేరే పద్ధతిలోనో, చేతిరంపంతోనో చేయడం మేలు. చిన్న ముక్కల విషయంలో ముఖ్యంగా చేతిరంపమే చాలాసార్లు త్వరగా పని ముగిస్తుంది. యంత్రం ఉంది కదా అని ప్రతి కోతనూ దాని మీదే చేయాలనుకోవడం నా దృష్టిలో గాయాలకు పెద్ద కారణాల్లో ఒకటి.

టేబుల్ సా చెక్కను వెనక్కి తన్నడం అంటే ఏమిటి? ఎందుకు తంతుంది?

బ్లేడుకు మన వైపున్న పళ్లు పైనుంచి కిందికి దిగుతూ చెక్కను బల్లకు అదిమిపెడతాయి. అవతలి వైపున్న పళ్లు మాత్రం కిందినుంచి పైకి లేస్తూ వస్తాయి. అప్పటికే కోత దాటిన చెక్క ఆ వెనుక పళ్లకు రాసుకుంటే అవి దాన్ని పైకెత్తి, బ్లేడు మీదుగా, పనిచేసేవారి వైపుకు విసిరేస్తాయి. విసిరిన పలక పొట్టకో ముఖానికో తగలడం ఒక ప్రమాదం. అంతకంటే ఘోరమైనది మరొకటి ఉంది: బ్లేడుకు అవతల చెక్కను పట్టుకుని ఉన్న చెయ్యి, చెక్క వెనక్కి దూసుకువచ్చేటప్పుడు దానితోపాటే బ్లేడు మీదికి వచ్చేస్తుంది.

దీనికి కారణాలు ప్రధానంగా నాలుగు. చెక్క ఎండేటప్పుడు లోపల నిలిచిపోయిన బిగువు కోత పడగానే విడుదలై, తెగిన రెండు పాయలూ దగ్గరికి ముడుచుకుని బ్లేడును నొక్కవచ్చు. వంకర తిరిగిన పలక బల్ల మీద సమంగా ఆనక ఊగవచ్చు. ఫెన్స్, అంటే చెక్కను ఆనించి తోసే పొడవాటి పక్క పట్టీ, బ్లేడుకు సమాంతరంగా లేక, వెనుక వైపు బ్లేడుకు దగ్గరగా జరిగి ఉండవచ్చు. నాలుగోది, పొట్టిగా వెడల్పుగా ఉన్న పలకను నిలువుకోతలో (నారల వెంట కోసేటప్పుడు) ఫెన్స్‌కు ఆనించి తోస్తుండగా అది కాస్త తిరిగి ఫెన్స్‌ను వదిలేయడం.

తన్నబోయేముందు సూచనలు చాలాసార్లు కనిపిస్తాయి. మోటారు శబ్దం బరువెక్కి దిగిపోతుంది, చెక్క అంచు నల్లబడి కాలిన వాసన వస్తుంది, అరచేతి కింద చెక్క సన్నగా వణుకుతుంది, బ్లేడు వెనుక కోత గాటు కళ్ల ముందే ఇరుకవుతుంది. ఆ క్షణంలో చెక్కను వెనక్కి లాగాలనిపించడం సహజమే గానీ లాగకూడదు; లాగితే అది వెనుక పళ్ల మీదికే పోతుంది. చెక్కను ఉన్నచోటనే బల్లకూ ఫెన్స్‌కూ అదిమి పట్టి, మోకాలితోనో తొడతోనో ఆఫ్ స్విచ్‌ను నొక్కి, బ్లేడు పూర్తిగా ఆగేవరకు అలాగే ఉండాలి. అందుకే స్విచ్ కాలికి అందేలా, పెద్ద ఆఫ్ పలకతో ఉండడం మంచిది. నిలబడే చోటు కూడా బ్లేడుకు సూటిగా వెనుక కాకుండా, కొంచెం పక్కకు ఉండాలి.

రివింగ్ నైఫ్, బ్లేడు కవరు పనికి అడ్డం వస్తున్నాయి. తీసేయవచ్చా?

రివింగ్ నైఫ్‌ను దాదాపు ఎప్పుడూ తీయకూడదు. బ్లేడు వెనుక, కొన్ని మిల్లీమీటర్ల ఎడంతో, నిలువుగా నిలిచి ఉండే ఆ ఉక్కు రేకు చేసే పని ఒకటే: తెగిన పాయలు ముడుచుకోకుండా, చెక్క వెనుక పళ్లకు తగలకుండా అడ్డుపడడం. బ్లేడుతోపాటే పైకీ కిందికీ కదులుతుంది కనుక గాడి కోసేటప్పుడు కూడా అది అడ్డం రాదు. దాని మందం బ్లేడు రేకు మందం కంటే ఎక్కువగా, బ్లేడు కోసే గాటు వెడల్పు కంటే తక్కువగా ఉండాలి. సన్న గాటు బ్లేడు మార్చి పాత రివింగ్ నైఫ్ ఉంచితే చెక్క దాని దగ్గర ఇరుక్కుంటుంది. చాలామంది అప్పుడే దాన్ని విప్పి మూలన పడేస్తారు. విప్పవలసింది బ్లేడును.

పై కవరు మాట వేరు. పలకను పూర్తిగా కోయక గాడి మాత్రమే తీసేటప్పుడు అది తీయక తప్పదు. పని అయిన వెంటనే తిరిగి బిగించాలి.

తోపుడు కర్ర ఎప్పుడు వాడాలి?

ఫెన్స్‌కూ బ్లేడుకూ మధ్య సందు 15 సెంటీమీటర్ల కంటే తక్కువగా ఉంటే చెయ్యి ఆ సందులోకి పోకూడదని ఒక హద్దు పెట్టుకోవడం మంచిది. కర్ర కొసన చిన్న గాటు మాత్రమే ఉన్న రకం చెక్కను వెనుకనుంచి నెడుతుంది గానీ ముందు భాగం పైకి లేవకుండా ఆపలేదు. అడుగు పొడవుగా ఉండి, వెనుక మడమ ఉన్న తోపుడు దిమ్మ చెక్కను ముందుకు తోస్తూనే కిందికి అదిమి ఉంచుతుంది. నిలువుకోతకు అదే నయం. పనికిరాని ప్లైవుడ్ ముక్కతో చేసుకోవచ్చు, బ్లేడు దానిని కొరికితే మరొకటి చేసుకోవచ్చు. అది ఎప్పుడూ ఫెన్స్ మీదనే, చెయ్యి చాచితే అందే చోటనే ఉండాలి, ఎందుకంటే గది అవతలి మూలనున్న కర్ర కోసం కోత మధ్యలో ఎవరూ వెళ్లరు.

ఫెన్స్‌ను, మైటర్ గేజ్‌ను ఒకేసారి వాడితే తప్పేమిటి?

మైటర్ గేజ్ అంటే బల్ల గాడిలో జరుగుతూ, చెక్కను కావలసిన కోణంలో పట్టి తోసే పనిముట్టు. అడ్డకోతలో (నారలకు అడ్డంగా కోసేటప్పుడు) అది చెక్కను తోస్తుండగా తెగిన ముక్క ఫెన్స్‌కూ తిరిగే బ్లేడుకూ మధ్య చిక్కుకుంటుంది. దాన్ని ముందుకు తీసుకుపోయేది ఏదీ ఉండదు. అది కొంచెం మెలి తిరగగానే బ్లేడు పట్టి విసురుతుంది. ఒకే కొలతలో చాలా ముక్కలు కావాలంటే, బ్లేడుకు చాలా ముందుగా, మన వైపున, ఫెన్స్‌కు ఒక దిమ్మ క్లాంపుతో బిగించి, కొలత దానికి ఆనించి తీసుకోవాలి. కోత మొదలయ్యేసరికి చెక్క ఆ దిమ్మను దాటి ఖాళీలోకి వచ్చేస్తుంది.

వేలు తగలగానే ఆగిపోయే టేబుల్ సాలు నిజంగా పనిచేస్తాయా?

పనిచేస్తాయి. స్టీవ్ గ్యాస్ అనే భౌతిక శాస్త్రవేత్త, పేటెంట్ న్యాయవాది 1999లో రూపొందించిన సాస్టాప్ విధానంలో బ్లేడు మీద ఒక చిన్న విద్యుత్ సంకేతం నడుస్తూ ఉంటుంది. చర్మం తగలగానే శరీరం ఆ సంకేతంలో కొంత లాగేసుకోవడంతో యంత్రం దానిని గుర్తించి, ఒక అల్యూమినియం దిమ్మను స్ప్రింగ్ బలంతో బ్లేడు పళ్లలోకి కొట్టి, సెకనులో వెయ్యో వంతులు అయిదారు గడిచేలోగా ఆపేస్తుంది. వేలు తెగవలసిన చోట గీత పడుతుంది. ఆ దిమ్మ ఉన్న పెట్టె మార్చాలి, బ్లేడు కూడా సాధారణంగా పాడవుతుంది. తడి చెక్కో, చెక్కలో దాగిన మేకో తగిలినా అది పనిచేసి ఆగిపోవచ్చు.

అయితే ఈ ఏర్పాటు చెక్క వెనక్కి తన్నడాన్ని ఆపదు, దుమ్మును ఆపదు, పక్కనున్న రౌటర్‌కు (అంచులు, గాడులు మలిచే యంత్రానికి) వర్తించదు. కొనగలిగినవారు కొనడమే మంచిదని నా అభిప్రాయం, రివింగ్ నైఫ్‌ను మాత్రం దానిలోనూ ఉంచాలి.

పనిచేసేటప్పుడు చేతికి గ్లవ్స్ వేసుకోవాలా?

తిరిగే యంత్రం ఏదైనా సరే, వేసుకోకూడదు. డ్రిల్ ప్రెస్ (స్తంభానికి బిగించి ఉండే, బెజ్జాలు వేసే యంత్రం) దగ్గర జరిగేది చూస్తే కారణం తెలుస్తుంది. గ్లవ్ చూపుడు వేలి దగ్గర పైకి లేచిన ఒక్క నూలు పోగు తిరుగుతున్న బిట్‌కు, అంటే కోసే మొనకు, చుట్టుకుంటుంది. మరుక్షణం గ్లవ్ అంతా దాని చుట్టూ మెలిపడుతుంది. లోపలున్న వేలు కూడా గ్లవ్‌తోపాటే తిరుగుతుంది. వట్టి చేతికి అదే బిట్ తగిలితే చర్మం చీరుకుపోయేది, చెయ్యి బయటపడేది. పొడవు చేతుల చొక్కా, మెడలో గొలుసు, చేతికి ఉంగరం, జారిన జడ, వదులుగా వేలాడే పైట లేదా కండువా విషయంలోనూ ఇదే జరుగుతుంది. గరుకు పలకలు మోసేటప్పుడు, బ్లేడు మార్చేటప్పుడు గ్లవ్స్ ఉపయోగమే. స్విచ్ వేసేముందు తీసేయాలి.

డ్రిల్ ప్రెస్ గురించే మరో మాట. చిన్న ముక్కను చేత్తో పట్టుకుని బెజ్జం వేస్తే, బిట్ అవతలికి దిగే క్షణంలో అది చెక్కను పట్టేసి గిరగిరా తిప్పుతుంది. ముక్కను క్లాంపుతో బిగించాలి, లేదా పొడవైన పలక అయితే అది స్తంభానికి ఎడమ వైపున ఆనేలా పెట్టాలి.

మైటర్ సా, చేతితో పట్టుకునే సర్కులర్ సా వాడేటప్పుడు ఏవి ముఖ్యం?

మైటర్ సా (బ్లేడును పైనుంచి చెక్క మీదికి దించి అడ్డంగా కోసే యంత్రం) దగ్గర చెయ్యి బ్లేడు కోసే గీతకు రెండు వైపులా 15 సెంటీమీటర్ల లోపలికి రాకూడదు. చేతులు ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా చాచి పట్టుకోవడం మరీ ప్రమాదం. విల్లులా వంగిన చెక్క అయితే ఉబ్బు వైపు ఫెన్స్‌కు ఆనాలి. గుంట వైపు ఆనిస్తే కోత మధ్యలో రెండు పాయలూ బ్లేడు మీదికి ముడుచుకుంటాయి. కోత అయ్యాక బ్లేడును కిందనే ఉంచి, స్విచ్ వదిలి, అది పూర్తిగా ఆగాకే పైకెత్తాలి. ఇది చాలామంది పాటించరు. చిన్న తెగిన ముక్కలు కంటి వైపు ఎగిరేది తిరిగే బ్లేడును పైకెత్తే ఆ సమయంలోనే.

సర్కులర్ సాతో పలకను కోసేటప్పుడు రెండు కొసలనూ రెండు స్టూళ్ల మీద పెట్టి మధ్యలో కోయకూడదు. కోత లోతెక్కే కొద్దీ మధ్యభాగం కిందికి కుంగి గాటు పైన మూసుకుపోతుంది, యంత్రం ఎగిరి మన తొడ మీదికి వస్తుంది. పలక అంతటికీ అడుగున ఆధారం ఉండాలి, లేదా తెగిపోయే ముక్క స్వేచ్ఛగా కింద పడాలి. బ్లేడు లోతు పలక మందం కంటే సుమారు 6 మిల్లీమీటర్లు ఎక్కువగా ఉంటే చాలు. కింది కవరు తనంతట తాను మూసుకోవాలి. అది పట్టేస్తోందని చీలతోనో తాడుతోనో పైకి కట్టేసిన యంత్రాన్ని వాడవద్దు.

రౌటర్ చేతిలోంచి ఎందుకు లాగేసుకుంటుంది?

తోసే దిశ తప్పడం వల్ల. బిట్ తిరిగే దిశకు ఎదురుగా రౌటర్‌ను నడపాలి. పలక మన ఎదుట ఉండి, దాని దగ్గరి అంచును చేతి రౌటర్‌తో మలిచేటప్పుడు ఎడమనుంచి కుడికి నడపాలి. రౌటర్‌ను బల్ల కింద తలకిందులుగా బిగించినప్పుడు, ఫెన్స్ ముందు చెక్కను కుడినుంచి ఎడమకు తోయాలి. పలక లోపలి కన్నం అంచులకు ఈ దిశ తారుమారవుతుంది. తప్పు దిశలో పోతే బిట్ చెక్కను కోయడానికి బదులు చెక్క మీద చక్రంలా పరుగెత్తుతుంది.

రెండో కారణం పెద్ద బిట్‌ను పూర్తి వేగంతో తిప్పడం. 3 అంగుళాల వ్యాసం ఉన్న బిట్‌ను నిమిషానికి 10,000 నుంచి 12,000 చుట్లకు మించి తిప్పకూడదు, ఒకే దెబ్బలో లోతంతా తీయకూడదు. బిట్ కాడను కోలెట్ (కాడను పట్టి ఉంచే గొట్టం) అడుగుదాకా దించి, రెండు మూడు మిల్లీమీటర్లు పైకి లాగి, ఆ తర్వాత బిగించాలి. అడుగుకు ఆనించి బిగిస్తే పట్టు సరిగా కుదరక మధ్యలో వదులుకావచ్చు.

యాంగిల్ గ్రైండర్‌కు చెక్క కోసే పళ్ల బ్లేడు బిగించవచ్చా?

బిగించవద్దు. అది లోహాన్ని కోయడానికి, అరగదీయడానికి వాడే చేతి యంత్రం. గ్రైండర్ల వాడకపు పుస్తకాల్లో పళ్ల రంపపు బ్లేడును గానీ, గొలుసు రంపపు బిళ్లను గానీ బిగించకూడదనే హెచ్చరిక ఎందుకు ఉందంటే, 100 మిల్లీమీటర్ల గ్రైండర్ నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది, దానికి రివింగ్ నైఫ్ లేదు, తనంతట మూసుకునే కవరు లేదు, పలక మీద నిలకడగా కూర్చునే అడుగు పలక లేదు. పన్ను చెక్కలో పట్టగానే మొత్తం యంత్రం మణికట్టును విదిలించి, ఎక్కువగా ముఖం, మెడ, తొడ వైపు తిరుగుతుంది. పెద్ద బిళ్ల పట్టడం లేదని కవరు తీసేసి వాడడం ఈ ప్రమాదాన్ని రెట్టింపు చేస్తుంది. ఈ పుటలో ఒక్క సలహానే పాటిస్తాననేవారికి నేను చెప్పేది ఇదే.

బ్యాండ్ సా, జాయింటర్, లేత్ మాటేమిటి?

బ్యాండ్ సా (రెండు చక్రాల మీదుగా పట్టీలాంటి బ్లేడు తిరిగే రంపం) తన్నదు కనుక దానిని తక్కువ అంచనా వేస్తారు. మాంసాన్నీ ఎముకనూ కోసే యంత్రం కూడా అదే రకమని గుర్తుంచుకోవాలి. బ్లేడును పక్కకు జరగకుండా పట్టి ఉంచే పై గైడును చెక్కకు 6 మిల్లీమీటర్ల ఎత్తులోకి దించితే బయట కనిపించే బ్లేడు భాగం తగ్గుతుంది. గుండ్రని కర్రను గాడి తీసిన దిమ్మ మీద పెట్టకుండా కోస్తే అది దొర్లి వేళ్లను లాక్కుపోతుంది.

జాయింటర్ (పలక అంచును, ముఖాన్ని చదును చేసే యంత్రం) మీద 30 సెంటీమీటర్ల కంటే పొట్టి ముక్కను చిత్రిక పట్టకూడదు, చేతులు నేరుగా కత్తుల మీదుగా పోకూడదు.

లేత్ (చెక్కను తిప్పుతూ గుండ్రంగా మలిచే యంత్రం) దగ్గర గాయం కోత వల్ల కంటే విసిరిన చెక్క వల్ల ఎక్కువ. అంగుళాల్లో వ్యాసాన్ని నిమిషానికి చుట్లతో గుణిస్తే 6,000కు, 9,000కు మధ్య రావాలనేది వాడుకలో ఉన్న లెక్క. 10 అంగుళాల గిన్నె దిమ్మ అయితే 600 నుంచి 900 చుట్లు. సమంగా లేని దిమ్మను అంతకంటే తక్కువతో మొదలుపెట్టాలి. కళ్లజోడు ఇక్కడ చాలదు, ముఖమంతా కప్పే కవచం కావాలి, స్విచ్ వేసేటప్పుడు దిమ్మకు సూటిగా నిలబడకూడదు.

కరెంటు విషయంలో ఏమి చూసుకోవాలి?

కోత మధ్యలో కరెంటు పోతే చాలామంది స్విచ్ ఆఫ్ చేయడం మరిచి చెక్కను సర్దుతుంటారు, కరెంటు రాగానే బ్లేడు తిరగడం మొదలవుతుంది. దీనికి విరుగుడు నో-వోల్ట్ స్విచ్. కరెంటు పోగానే అది ఆఫ్ అయి, మళ్లీ నొక్కితేనే యంత్రాన్ని నడిపిస్తుంది. అది లేని యంత్రానికి అమర్చుకోవచ్చు.

బ్లేడు, బిట్ మార్చేముందు ప్లగ్ తీయాలి. బ్యాటరీ యంత్రమైతే బ్యాటరీ తీయాలి. స్విచ్ ఆఫ్‌లో ఉంటే చాలు అనుకోవద్దు, బ్లేడు విప్పే తాళపుచెవి (రెంచి) తిప్పుతుండగా మోచెయ్యి దానికి తగలవచ్చు. గదికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే సరఫరాను ఆపేసే స్విచ్) ఉండాలి. చతురస్రం లోపల చతురస్రం గుర్తు ఉన్న పనిముట్లకు రెండు పొరల ఇన్సులేషన్ ఉంటుంది కనుక ఎర్త్ తీగ ఉండదు. మిగతావాటికి ఎర్త్ తప్పనిసరి. చుట్ట చుట్టిన ఎక్స్‌టెన్షన్ తీగతో పెద్ద మోటారు నడిపితే అది లోపల వేడెక్కి కరుగుతుంది, పూర్తిగా విప్పి వాడాలి.

కళ్లకు, చెవులకు ఏ రక్షణ కావాలి?

చూపు కోసం పెట్టుకునే మామూలు కళ్లజోడు రక్షణ కాదు, పక్కలు తెరిచి ఉంటాయి. ఈఎన్ 166 లేదా ఆన్సీ జెడ్ 87.1 ప్రమాణం ముద్రించిన, పక్కలు మూసిన జోడు కావాలి.

చెవి నష్టం నొప్పి లేకుండా జరుగుతుంది, తిరిగి రాదు. అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ సిఫార్సు ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలు ఉండవచ్చు; ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది. అంటే 94 దగ్గర ఒక గంట, 100 దగ్గర 15 నిమిషాలు. రౌటర్, మైటర్ సా, ప్లేనర్ (చిత్రిక పట్టే యంత్రం) సులభంగా ఈ చివరి అంకెల దగ్గరికి చేరతాయి. పని ముగిశాక చెవిలో గుయ్యిమంటుంటే అప్పటికే హద్దు దాటినట్టే.

చెక్క దుమ్ము సహజమైనదే కదా, అంత ప్రమాదమా?

అవును. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో చెక్క దుమ్మును మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ముక్కు లోపలి గదుల్లో, వాటి పక్క సైనస్‌లలో వచ్చే క్యాన్సర్‌కు దీనితో, ముఖ్యంగా గట్టి చెక్కల దుమ్ముతో, సంబంధం స్థిరపడింది. గట్టి చెక్క దుమ్ముకు ఐరోపా సమాఖ్య విధించిన పని ప్రదేశపు హద్దు 2023 నుంచి ఘనపు మీటరు గాలికి 2 మిల్లీగ్రాములు. మూసిన గదిలో ఆరుబయటి గాలి లేకుండా శాండర్ (గరుకు కాగితంతో అరగదీసే యంత్రం) నడిపితే ఆ హద్దు దాటడానికి ఎంతోసేపు పట్టదు.

కంటికి కనిపించే రంపపు పొట్టు కంటే కనిపించని మెత్తని పొడి హానికరం. శాండర్ ఆపిన తర్వాత కూడా అది గంటల తరబడి గాలిలో తేలుతుంది. కాబట్టి పని ఆగగానే మాస్కు తీసేయకూడదు. ఎన్95 లేదా ఎఫ్‌ఎఫ్‌పీ2 మాస్కు ముఖానికి చుట్టూ అంటుకోవాలి, గుబురు గడ్డం మీద అది అంటుకోదు. దుమ్మును పుట్టినచోటనే పీల్చే వాక్యూమ్ గొట్టం మాస్కు కంటే ముందు ఉండవలసిన ఏర్పాటు. పొట్టును ఊడ్చేటప్పుడు, బట్టల మీద దుమ్మును గాలి గొట్టంతో కొట్టేటప్పుడు గాలిలోకి లేచేది కూడా ఇదే పొడి.

కొన్ని చెక్కలకు ప్రత్యేక గుణాలున్నాయి. టేకు, రోజ్‌వుడ్ దుమ్ము కొందరి చర్మం మీద దద్దుర్లు, దురద తెస్తుంది. వెస్టర్న్ రెడ్ సీడర్‌లోని ప్లికాటిక్ ఆమ్లం ఉబ్బసం తెస్తుంది. ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలయ్యాక కొద్దిపాటి దుమ్ముకే ఆయాసం వస్తుంది. ఎండీఎఫ్‌ పలకల్లో, అంటే చెక్క పీచును అదిమి చేసిన పలకల్లో, ఉండే బంకలో ఫార్మాల్డిహైడ్ అనే హానికర రసాయనం ఉంటుంది.

నూనె పూసిన గుడ్డలు తమంతట తామే అంటుకుంటాయన్నది నిజమా?

నిజమే. చెక్కకు మెరుగు పెట్టే లిన్సీడ్ (అవిసె) నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. పరచిన గుడ్డలో ఆ వేడి గాలికి పోతుంది. ఉండచుట్టి చెత్తబుట్టలో పడేసిన గుడ్డలో అది లోపలే పెరిగి, కొన్ని గంటల తర్వాత, గదిలో ఎవరూ లేనప్పుడు మంటవుతుంది. పక్కన రంపపు పొట్టు ఉంటే చెప్పనక్కరలేదు. గుడ్డలను ఆరుబయట ఒక్కొక్కటిగా పరచి గట్టిపడేదాకా ఆరనివ్వాలి, లేదా నీళ్లు నింపిన మూత ఉన్న లోహపు డబ్బాలో ముంచి ఉంచాలి.

వేలు తెగితే మొదట ఏమి చేయాలి?

మొదట మనిషి, తర్వాత వేలు. యంత్రం ఆపి, శుభ్రమైన గుడ్డను గాయం మీద పెట్టి గట్టిగా, వదలకుండా నొక్కి, చెయ్యిని గుండె కంటే ఎత్తులో ఉంచాలి. గుడ్డ తడిస్తే తీయకుండా దాని మీదే మరొకటి పెట్టాలి. మణికట్టుకో ముంజేతికో పడిన లోతైన కోతలో రక్తం నొక్కినా ఆగక చిమ్ముతుంటే, గాయానికి పైన వెడల్పాటి కట్టు రక్తం ఆగేదాకా బిగించి, బిగించిన సమయం రాసిపెట్టాలి. ఉంగరాలుంటే వాపు రాకముందే తీయాలి. అత్యవసర సేవకు ఫోన్ చేయాలి. సొంతంగా బండి నడుపుకుంటూ పోకూడదు, మధ్యలో కళ్లు తిరగవచ్చు. శస్త్రచికిత్సకు మత్తు ఇవ్వవలసి రావచ్చు కనుక ఏమీ తినకూడదు, తాగకూడదు.

తెగిన భాగాన్ని వెతికి తెప్పించాలి, ఎంత నలిగినట్టు కనిపించినా పారేయకూడదు; పనికివస్తుందా లేదా అన్నది శస్త్రవైద్యులు తేల్చాలి. దానిని రుద్ది కడగవద్దు, మందులు పోయవద్దు. శుభ్రమైన గుడ్డనో, గాయాలకు కట్టే పలుచని గాజ్ గుడ్డనో సెలైన్‌తో, అది లేకపోతే శుభ్రమైన నీటితో కొద్దిగా తడిపి, పిండి, దానిలో చుట్టి, నీరు చొరబడని ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించాలి. ఆ సంచిని మంచు ముక్కలూ నీళ్లూ కలిపిన మరో పాత్రలో ఉంచాలి. వేలు నేరుగా మంచుకు తగిలితే కణజాలం గడ్డకట్టి చచ్చిపోతుంది; నేరుగా నీళ్లలో నానినా పాడవుతుంది. వేలిలో కండరం లేదు కనుక అది మామూలు వేడిలో సుమారు 12 గంటలు, చల్లగా ఉంచితే 24 గంటలదాకా కూడా అతికించడానికి వీలుగా ఉండవచ్చు. చెయ్యి పై భాగం తెగితే కండరం ఉంటుంది, వ్యవధి అంతకంటే చాలా తక్కువ. పూర్తిగా తెగిన బొటనవేలిని అతికించడం 1965లో జపాన్‌లో కొమాత్సు, తమాయి అనే వైద్యులు మొదట సాధించారు. సూక్ష్మ శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రి ఏదో ముందే తెలుసుకుని ఆ నంబరును గది గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంచడం మంచిది.

చూడటానికి చిన్నగా ఉన్నా వెంటనే వైద్యుడికి చూపించవలసిన గాయాలు ఏవి?

రక్తం ఎంత పోయిందన్నది కొలబద్ద కాదు. చిన్న కోత తర్వాత వేలి కొస మొద్దుబారితే నరం, వేలు వంచలేకపోయినా చాచలేకపోయినా స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) తెగి ఉండవచ్చు. మేకులు కొట్టే గన్‌తో దిగిన మేకును, కంటిలో గుచ్చుకున్న పుల్లను లాగకూడదు. కంటి మీద ఒత్తిడి పడకుండా కాగితపు కప్పు లాంటిది బోర్లించి కట్టి తీసుకువెళ్లాలి. ఎయిర్‌లెస్ స్ప్రే గన్ (రంగును ఎక్కువ ఒత్తిడితో చిమ్మే పనిముట్టు) నుంచి రంగు వేలిలోకి చిమ్మితే బయట చిన్న చుక్క మాత్రమే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట తక్కువే. లోపల రంగు స్నాయువుల వెంట అరచేతిదాకా పోయి ఉంటుంది. గంటలు ఆలస్యమైతే వేలు పోతుంది.

విరిగి లోపల మిగిలిన చెక్క పేడు చీము పడుతుంది, మామూలు ఎక్స్‌రేలో చాలాసార్లు కనిపించదు, కనుక గుచ్చుకున్నది చెక్క అని వైద్యుడికి చెప్పాలి. ధనుర్వాతం టీకా విషయంలో, మురికి గాయమై చివరి మోతాదు తీసుకుని 5 ఏళ్లు దాటితే మళ్లీ వేస్తారు. శుభ్రమైన చిన్న గాయానికి ఆ హద్దు 10 ఏళ్లు.

పిల్లలు ఇంట్లో ఉంటే?

గదికి తాళం, యంత్రాల ప్లగ్‌కు తాళం, బ్యాటరీలు వేరే చోట. పని జరుగుతుండగా ఎవరూ వెనుకనుంచి వచ్చి భుజం తట్టకూడదని ఇంట్లో అందరికీ చెప్పాలి. పిలవాలంటే కంటికి కనిపించే చోట నిలబడి, బ్లేడు ఆగేవరకు ఆగాలి.

చేతి గాయం మానాక మళ్లీ యంత్రం దగ్గరికి ఎప్పుడు వెళ్లవచ్చు?

కుట్లు తీసినంత మాత్రాన గాయం మానినట్టు కాదు. అతికించిన స్నాయువు పూర్తి బరువు మోయడానికి సాధారణంగా 12 వారాలు పడుతుంది, అంతకుముందు బలంగా పట్టుకుంటే తెగిపోవచ్చు. నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది కనుక అరచేతి దగ్గర తెగిన నరం వేలి కొసకు చేరడానికి నెలలు పడుతుంది. స్పర్శ లేని వేలికి చెక్క జారుతున్నదీ తెలియదు, అది బ్లేడు పక్కకు చేరినదీ తెలియదు. కళ్లు మూసుకుని వేలి కొసతో గరుకు కాగితాన్నీ నున్నని చెక్కనూ వేరుచేయలేకపోతే, ఆ చెయ్యి ఇంకా బ్లేడు దగ్గరికి వెళ్లకూడదు. వైద్యుడు అనుమతిస్తే అప్పటిదాకా క్లాంపులతో బిగించిన పలక మీద చేతిరంపంతో పని సాగించవచ్చు.